ఎక్కడ దాచారో రాయి

బాబూ,

నీ వ్యాసం అందింది. "ఆసియా అంతటా కిడ్నాపులు ఆందోళనకరంగా పెరుగుతున్నాయి" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండింది. ఏ ఆసియా? ఫిలిప్పీన్స్ దగ్గరి సులు సముద్రంలో ఓడ సిబ్బందిని ఎత్తుకెళ్లడం 2016లో విపరీతంగా ఉండేది. ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్ కలిసి 2017లో గస్తీ మొదలుపెట్టాక తగ్గుతూ వచ్చి, 2020 జనవరి తర్వాత ఏళ్ల తరబడి అలాంటి కేసే లేకుండా పోయింది. ఆ ఏళ్లలోనే మయన్మార్ సరిహద్దులోని ఆన్‌లైన్ మోసాల అడ్డాల్లో ఇంకో రకం బందీలు వేలల్లో పోగయ్యారు. ఒకచోట తగ్గి, ఇంకోచోట వేషం మార్చుకున్నదాన్ని "పెరుగుతున్నాయి" అని ఒక్క మాటతో సరిపెడితే ఎలా? ఫోన్ ఎప్పుడు మోగుతుందోనని స్నానానికి వెళ్తూ కూడా దాన్ని వెంట పట్టుకెళ్లే తండ్రి గురించి ఒక వాక్యం రాశావు. అది బాగుంది. దాన్ని తీసుకెళ్లి ఎనిమిదో పేరాలో ఎందుకు పాతేశావో నాకు అర్థం కాలేదు.

నీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి, అన్నిటికీ జవాబు రాసే ఓపిక లేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. కిడ్నాప్ గురించి రాసేటప్పుడు ఎలా ఎత్తుకెళ్లారన్నది కాస్త పక్కన పెట్టు. ఎక్కడ దాచారో రాయి. మనిషిని కార్లోకి లాగెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. ఆ మనిషిని వారాల తరబడి తిండి పెట్టి, కాపలా కాసి, ఇరుగుపొరుగు నోరు మూయించి ఉంచాలంటే చోటు కావాలి. ఆ చోటు ఎవరిదో, ఎవరి అండతో నిలబడిందో తేలితే అక్కడ ఈ దందా ఎందుకు సాగుతోందో సగం తెలిసిపోయినట్టే.

ఫిలిప్పీన్స్‌లోని సాయుధ ముఠా అబూ సయ్యాఫ్‌నే తీసుకో. 2000 ఏప్రిల్‌లో మలేషియాలోని సిపాదాన్ దీవి నుంచి 21 మందిని పడవలెక్కించి ఫిలిప్పీన్స్‌లోని జోలోకి తీసుకుపోయారు. నువ్వు తుపాకులు రాశావు, పడవలు రాశావు, బందీల విడుదలకు లిబియా నడిపిన రాయబారం రాశావు. జోలో గురించి ఒక్క ముక్క లేదు. కొండలు, దట్టమైన అడవి, ముఠాతో చుట్టరికాలున్న పల్లెలు, కొత్త మనిషి అడుగుపెడితే క్షణాల్లో కబురు చేరిపోయే దీవి. అదే లేకపోతే ఆ పడవలు ఏ ఒడ్డుకు చేరేవి?

పాకిస్తాన్‌లో సింధు నది కరకట్టల మధ్య కచ్చా ప్రాంతం ఉంది. వరదొస్తే మునిగి, తీస్తే తేలే నేల. సరైన రోడ్లుండవు, నిలువెత్తు రెల్లు. అక్కడి ముఠాలు ఎవరినీ వెంటాడక్కర్లేదు. చవగ్గా ట్రాక్టర్ అమ్ముతామని ఇంటర్నెట్‌లో ఓ ప్రకటన, లేదంటే ఫోన్‌లో ఓ ఆడగొంతు. మనిషి బస్సెక్కి తనంతట తానే వచ్చి వాళ్ల చేతిలో పడతాడు. పోలీసులకు మాత్రం ఆ నేల మీద కాలు పెట్టడమే కష్టం. 2024 ఆగస్టులో రహీం యార్ ఖాన్ జిల్లాలో దొంగల మెరుపుదాడిలో 12 మంది పోలీసులు చనిపోయారు. సుందర్బన్స్‌లో జాలర్లను, తేనె పట్టేవాళ్లను పట్టుకుని ఇళ్లకు ఫోన్ చేసిన ముఠాలకైతే మడ అడవే కోట.

ఇక్కడ నా గోడు కొంచెం విను. నేను క్రైం రిపోర్టింగ్‌లో చేరిన కొత్తలో ఒక వ్యాపారి కిడ్నాపై, డబ్బు కట్టించుకున్నాక ఇంటికొచ్చాడు. కళ్లకు గంతలు కట్టి ఉంచిన చోట రోజూ ఒకే వేళకు మిల్లు సైరన్ వినిపించేదని చెప్పాడు. అన్నంలో పురుగుమందు వాసన వచ్చేదట. ఆ రెండు ముక్కలు పట్టుకుని తిరిగితే ఎరువుల గోడౌన్ ఒకటి తేలింది, ఊరవతల కూడా కాదు. దాని యజమాని ఎవరో కూడా రాశాను. మా ఎడిటర్ ఆ పేరా మొత్తం కొట్టేసి, "ఛేజింగ్ బాగుంది, పెంచు" అన్నాడు. ఛేజింగ్ జరగనే లేదు! మర్నాడు పేపర్లో మాత్రం జరిగింది. ఇప్పటి డెస్కులూ తక్కువ తినలేదు. అప్పుడు ఛేజింగ్ అడిగేవాళ్లు, ఇప్పుడు ఎర్ర బాణాల మ్యాపు, శీర్షికలో "పంజా" అడుగుతున్నారు. నీ వ్యాసంలో రెండూ ఉన్నాయి కాబట్టి ఏ పత్రికకు రాశావో చెప్పక్కర్లేదు.

చోటు ఎవరిదని ఎందుకు పట్టుబడుతున్నానో థాయ్‌లాండ్ చూస్తే తెలుస్తుంది. 2015 మేలో మలేషియా సరిహద్దున సోంగ్‌ఖ్లా కొండల్లో వెదురు కర్రల శిబిరాలు, పక్కనే గోతులు బయటపడ్డాయి. రోహింగ్యాలను, బంగ్లాదేశీయులను అక్కడ కట్టడి చేసి, కొడుతూ ఆ ఏడుపు ఫోన్‌లో ఇంటివాళ్లకు వినిపించి డబ్బు గుంజారు. విచారణ జరిగితే 2017లో ఒక లెఫ్టినెంట్ జనరల్‌కు 27 ఏళ్ల జైలు పడింది. అండ లేకుండా అన్ని శిబిరాలు అన్నాళ్లు దాగవు.

ఇప్పుడా వెదురు పోయి కాంక్రీటు వచ్చింది. మయన్మార్‌లో థాయ్ సరిహద్దు ఊరు మ్యావడి దగ్గర, 2025లో సైన్యం దాడి చేసేదాకా నడిచిన కేకే పార్క్; కంబోడియాలో సిహనూక్‌విల్. ఉద్యోగమని పిలిచి, పాస్‌పోర్టు లాక్కుని, ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. వెళ్లిపోతానంటే "మేం పెట్టిన ఖర్చు కట్టు" అంటారు. అది విడుదల సొమ్మే, పేరే వేరు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు 1,00,000 మంది ఇలా చిక్కుకుని ఉండొచ్చని 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. నువ్వు ఆ అంకెలు వేసి ముందుకెళ్లిపోయావు. మయన్మార్ సరిహద్దులో అంత పెద్ద భవనాలకు కరెంటు ఎక్కడి నుంచి వచ్చేదని ఒక్కసారైనా అనిపించలేదా? థాయ్‌లాండ్ నుంచి! 2025 ఫిబ్రవరిలో ఆ దేశం సరిహద్దు అవతలికి కరెంటు, ఇంటర్నెట్, ఇంధనం ఆపేసింది. అన్నాళ్లూ మీటర్ తిరుగుతూనే ఉంది, బిల్లు ఎవరో కడుతూనే ఉన్నారు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

బెదిరింపు వసూళ్ల మీద నువ్వు రాసిన పేజీ చప్పగా ఉంది. జైలు గదిలోంచి వచ్చే ఫోన్ గురించి రాస్తే ప్రాణం వస్తుంది. చట్టాల పేరా తగ్గించు. మన దేశంలో 1993లో డబ్బు కోసం చేసే కిడ్నాప్‌లకు అప్పటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి)లో 364ఎ సెక్షన్ తెచ్చి ఉరిదాకా శిక్ష పెట్టారని ఒక వాక్యం చాలు.

చివర్లో నువ్వు తేలిగ్గా తీసేసిన "వర్చువల్ కిడ్నాప్" మాత్రం విడిగా రాయి. పరాయి దేశంలో చదువుకునే చైనా విద్యార్థికి పోలీసులమంటూ ఫోన్ వస్తుంది. నీ మీద కేసుంది, ఎవరితో మాట్లాడకు, హోటల్‌కి వెళ్లు, చేతులకు తాడు కట్టుకుని ఫొటో పంపు అంటారు. ఆ పిల్లవాడు టెన్షన్‌తో చెప్పినట్టల్లా చేస్తాడు. ఫొటో తల్లిదండ్రులకు చేరుతుంది, వాళ్లు డబ్బు పంపుతారు. కాపలా లేదు, అడవి లేదు, తనను తానే దాచుకున్నాడు. అలాంటి కేసు ఒక్కటి తీసుకుని పోలీసు ప్రకటనలన్నీ చదువు. ఆ గది ఎవరి పేరు మీద తీసుకున్నారో, అద్దె ఎవరు కట్టారో, తలుపు ఎవరు తెరిపించారో కనుక్కుని నాకు పంపు.

ఉంటాను.