మొలలేనని సరిపెట్టుకోవద్దు

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. మాది హనుమకొండ. కొన్ని వారాలుగా మలంతో కలిసి ముదురు రంగు రక్తం పడుతోంది. మా నాన్నగారికి 44వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. ఇంట్లోవాళ్లు మొలలేనంటూ పసరు మందు తాగమంటున్నారు. పరీక్ష అవసరమా డాక్టరుగారూ?

జవాబు: అవసరమే, ఆలస్యం చేయకండి. మీ వయసులో రక్తం పడటానికి ఎక్కువగా మొలలే కారణమైనా, వాటి రక్తం సాధారణంగా ఎర్రగా, చుక్కలుగా పడుతుంది. మీరు చెప్పిన తీరు వేరు. లక్షణాలేవీ లేకపోయినా, తండ్రికి జబ్బు తెలిసిన వయసుకు పదేళ్ల ముందు, అంటే 34వ ఏట మీరు కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష) చేయించుకోవలసిందే. రక్తం కనబడుతున్నప్పుడు అంతవరకు ఆగకూడదు. ఈ వారమే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, జీర్ణకోశ నిపుణుల వద్ద గానీ చూపించుకుని, హిమోగ్లోబిన్ కూడా పరీక్షించుకోండి. పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న కండ) కనిపిస్తే, అది క్యాన్సర్‌గా మారకముందే చాలావరకు కొలనోస్కోపీలోనే తీసేయవచ్చు. మీ తోబుట్టువులకూ ఈ పరీక్ష వర్తిస్తుంది.