ఆత్రేయపురం నుంచి వాడపల్లికి నడిచి

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. జనవరిలో కోనసీమ వస్తున్నాం. కారులో తిరిగి ఫొటోలు దిగి వచ్చేయడం నాకిష్టం లేదు, గోదావరి పక్కన ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడవాలనుంది. మా అమ్మకు 62, బాబుకి పది. ఎటు వెళ్లమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: నెల బాగా ఎంచుకున్నారు. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటితే బొబ్బర్లంక వస్తుంది, అక్కడి నుంచి రావులపాలెం దాకా కాలవ వెంబడి దాదాపు 20 కిలోమీటర్ల రోడ్డుంది. అమ్మగారితో అంతా నడవకండి. ఆత్రేయపురం వరకు ఆటోలో వెళ్లి, తెల్లారగానే లొల్ల మీదుగా వాడపల్లికి నడవండి, ఆగుతూ సాగుతూ వెళితే ఒక పూట పని. ఎండెక్కితే బళ్లు ఎక్కువవుతాయి, అందుకే పొద్దున్నే అంటున్నాను.

ఆత్రేయపురంలో తొందరపడొద్దు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చగా కలిపిన బియ్యప్పిండిలో తడిపిన గుడ్డను దాని మీద అలా లాగితే క్షణంలో పూతరేకు లేచొస్తుంది. అడిగితే ఆ ఆడవాళ్లు కూర్చోబెట్టి చూపిస్తారు, బాబుకి తప్పకుండా చూపించండి. లొల్ల లాకుల దగ్గర పెద్ద కాలవ పాయలుగా చీలి కోనసీమ పొలాలకు వెళుతుంది, ఆ నీళ్ల చప్పుడు వింటూ కాసేపు కూర్చోవచ్చు. వేసవిలో అయితే కాలవలు కట్టేస్తారు, అప్పుడు వస్తే ఈ నడకలో సగం అందం ఉండదు.

వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకుని జనం కాలినడకన వస్తారు. వాళ్లతో కలిసి నడవడం నిజంగా బాగుంటుంది కానీ, అమ్మగారు రద్దీలో నిలబడలేరంటే మామూలు రోజే మేలు.

ఇది చదివి వానాకాలంలో బయల్దేరేవాళ్లకు ఒక మాట. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు కిందికి పోతున్నట్టు. ఆ రోజుల్లో లంకల వైపు, అంటే గోదావరి మధ్య ఉండే దీవుల వైపు అసలు వెళ్లకండి.

జనవరిలోనూ ఏరు ప్రశాంతంగా ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ దిగొద్దు, ఇసుక తీసిన గోతులు పైకి కనిపించవు, వాటిలో పిల్లలు పోయిన ఇళ్లు చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. స్నానం చేయాలంటే ఊరివాళ్లు దిగే రేవులోనే, మెట్ల మీదే, బాబు చెయ్యి వదలకుండా.