ఆగ్స్‌బర్గ్ ఫుగ్గర్లు నేతవారేనా?

ప్రశ్న: జర్మనీలో ఫుగ్గర్ అనే ఇంటిపేరు గలవారు మొదట మగ్గం నేసి, తరువాత చక్రవర్తులకే అప్పులిచ్చారని విన్నాను. మాదీ నేత కుటుంబమే కనుక అడుగుతున్నాను. అది ఎలా సాధ్యమైంది? ఆ వంశీకులు ఇప్పుడు ఉన్నారా?
– ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: మీరు విన్నది నిజమే. హాన్స్ ఫుగ్గర్ అనే నేతగాడు 1367లో గ్రాబెన్ అనే పల్లె నుంచి ఆగ్స్‌బర్గ్ చేరాడు. అక్కడ నార నూలు, పత్తి నూలు కలిపి బట్ట నేసేవారు. ఆ పత్తి వెనిస్ నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటి రావలసి ఉండేది కాబట్టి, నేసేవారికన్నా పత్తి తెప్పించి బట్ట అమ్మేవారికే లాభం ఎక్కువ. నూలు ఇచ్చి చీర తీసుకునే సావుకారికీ, కూలికి నేసేవారికీ ఉండే తేడా మీకు వేరే చెప్పనక్కరలేదు. హాన్స్ కుటుంబం త్వరలోనే సావుకార్ల వైపు చేరింది.

ఆయన కొడుకులు ఆండ్రియాస్, యాకోబ్‌ల నుంచి వంశం రెండుగా చీలింది. ఒక శాఖకు జింక, మరొక శాఖకు లిల్లీ పువ్వు చిహ్నాలయ్యాయి. జింక శాఖవారు నేటి బెల్జియంలోని లూవెన్ పట్టణం హామీని నమ్మి, తరువాత చక్రవర్తి అయిన మాక్సిమిలియన్‌కు అప్పిచ్చారు. పట్టణం చెల్లించకపోవడంతో దివాలా తీశారు. లిల్లీ శాఖకు చెందిన రెండవ యాకోబ్ (1459–1525) మాత్రం ఆల్ప్స్ పర్వతాల్లోని టైరోల్ ప్రాంత ప్రభువుకు అప్పిచ్చినప్పుడు అక్కడి గనుల వెండినే తన చేతిలో ఉంచుకున్నాడు. నా దృష్టిలో ఒకే ఇంటిపేరుగల రెండు శాఖల గతిని వేరు చేసింది ఈ జాగ్రత్తే. 1519లో ఐదవ చార్లెస్‌ను పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తిగా ఎన్నుకోవడానికి ఖర్చయిన సుమారు 8,50,000 ఫ్లోరిన్లలో (అప్పటి బంగారు నాణేలు) 5,43,000కు పైగా యాకోబ్ ఇచ్చినవే. బాకీ ఆలస్యమైతే, తన సాయం లేనిదే కిరీటం దక్కేది కాదని 1523లో చక్రవర్తికే ఉత్తరం రాయగలిగాడు. 1505లో మన దేశానికి మిరియాల కోసం బయలుదేరిన పోర్చుగీసు ఓడల్లోనూ వీరికి పెట్టుబడి ఉండేది.

యాకోబ్‌కు వారసులు లేనందున వ్యాపారం అన్నకొడుకు ఆంటోన్ చేతికి వచ్చింది. స్పెయిన్ రాజు 1557లో అప్పుల చెల్లింపు నిలిపివేయడం వారిని గట్టిగా దెబ్బతీసింది. ఆ తరువాత వంశం వ్యాపారం వదిలి భూస్వాములుగా స్థిరపడింది.

కిర్ష్‌బెర్గ్-వైసెన్‌హార్న్, బాబెన్‌హౌసెన్ శాఖలవారు నేటికీ ఉన్నారు. పేద కాథలిక్కుల కోసం యాకోబ్ 1521లో ఆగ్స్‌బర్గ్‌లో నెలకొల్పిన ఫుగ్గరై వాడను వంశీకుల ధర్మనిధే నడుపుతోంది. సంగీతకారుడు మొజార్ట్ ముత్తాత, తాపీమేస్త్రీ ఫ్రాంజ్ మొజార్ట్, ఒకప్పుడు అక్కడే నివసించాడు. ఏడాది అద్దె 88 సెంట్లు, అంటే ఒక యూరో కూడా కాదు; దానితోపాటు దాతల కోసం రోజుకు మూడు ప్రార్థనలు చేయాలనే షరతు ఇప్పటికీ ఉంది.