ఐవీఎఫ్‌కు అప్పు చేసే ముందు మీవారి రిపోర్టు ఒకటి చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 33, మావారికి 37. పెళ్లయి ఐదేళ్లు, మూడేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నాం. ముగ్గురు డాక్టర్లు మారాం. తొమ్మిది నెలలు గుడ్డు విడుదలకు మాత్రలు వాడి, గుడ్డు పెరుగుదల చూసే ఫాలిక్యులర్ స్కానింగులు చేయించుకున్నాను. గుడ్ల నిల్వ అంచనా వేసే రక్తపరీక్ష ఏఎంహెచ్ 1.4 ఉంది, ఇక ఐవీఎఫ్ ఒక్కటే దారి అన్నారు. మావారు రోజూ జిమ్‌కు వెళ్తారు, ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి ఆయనకు పరీక్షలేవీ చేయించలేదు. కొత్త సంవత్సరంలో అప్పు చేసైనా ఐవీఎఫ్‌కు వెళ్లాలా, లేక ఏడాదిపాటు అన్నీ ఆపేసి ఊరుకోవాలా? – ఒక సోదరి, వరంగల్ జిల్లా

జవాబు: అమ్మా, ఇప్పుడప్పుడే అప్పూ చేయొద్దు, ఏడాది ఊరుకోనూ వద్దు. మూడేళ్లలో మీరు ఎన్నిసార్లు స్కానింగ్ బల్ల మీద పడుకున్నారో లెక్కేసుకుంటే నాకే బాధగా ఉంది, ఎందుకంటే మీవారికి చేయాల్సిన పరీక్ష ఒక్కటీ జరగలేదు. ఓపీలో రోజూ చూస్తుంటాను. ఆమె ఒళ్లో ఫైలు ఇంత లావున ఉంటుంది, నెలనెలా తీసిన స్కాన్ ఫొటోలు పిన్ను ఊడి జారిపోతుంటాయి, ‘మరి మీ రిపోర్టేదీ’ అని ఆయన్ని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది, పూర్తిగానో కొంతగానో. అది మనిషిని చూస్తే తెలియదు, కండలు చూస్తే అసలే తెలియదు.

జిమ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి అడగాలి. కండల కోసం ఇంజెక్షన్లు ఏమైనా తీసుకుంటున్నారా? టెస్టోస్టిరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బయటి నుంచి వెళితే వృషణాలు తమ పని తగ్గించుకుంటాయి, కొందరిలో వీర్యకణాలు సున్నాకు పడిపోతాయి. తీసుకుంటుంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పమనండి, తిట్టడానికి కాదు, చాలామందిలో ఆపాక నెలల్లో మళ్లీ కోలుకుంటుంది. సిగరెట్, గుట్కా, మందు సంగతి కూడా అంతే.

మీవారికి చేయాల్సిన పరీక్ష పేరు సెమెన్ అనాలిసిస్, అంటే వీర్య పరీక్ష, ఖర్చు మీ ఒక నెల స్కానింగుల కంటే ఎక్కువ కాదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి, ల్యాబ్‌లో ఇవ్వడం ఇబ్బందైతే ఇంట్లో తీసి గంటలోపు చేర్చినా సరే, ముందు ల్యాబ్ వాళ్లను అడగండి. వీర్యకణాలు మిల్లీలీటరుకు 1.6 కోట్ల కంటే తక్కువుంటే కౌంట్ తక్కువ అంటాం. కానీ ఒక్క రిపోర్టు చూసి కుంగిపోవద్దు, మొన్నటి జ్వరం కూడా కౌంట్‌ను తగ్గిస్తుంది, మళ్లీ చేయించాకే మాట్లాడుకోవాలి. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి జనవరి ఒకటిన మానేసిన సిగరెట్ ఫలితం ఉగాది దగ్గరికొస్తే గానీ రిపోర్టులో కనిపించదు.

మీ వైపు ఒక పరీక్ష మిగిలినట్టుంది. ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే గురించి మీరు ఎక్కడా రాయలేదు. నెలసరి ఆగాక, పదో రోజులోపు చేస్తారు, కొద్ది నిమిషాలు నొప్పిగా ఉంటుంది, ముందే మాత్ర ఇమ్మని అడగండి. ట్యూబులు రెండూ మూసుకుపోయి ఉంటే గుడ్డు ఎంత బాగా విడుదలైనా లాభం లేదు, అప్పుడు తొమ్మిది నెలల మాత్రలు వృథా అయినట్టే. మన దేశంలో టీబీ వల్ల కూడా ట్యూబులు పాడవుతుంటాయి, మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ టీబీ వచ్చి ఉంటే చెప్పండి. థైరాయిడ్ చేయించి ఏడాది దాటితే అదీ చూపించుకోండి, ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే వేసుకోండి.

ఏఎంహెచ్ 1.4 అనగానే టెన్షన్ పడ్డారని అర్థమవుతోంది. మీ వయసుకు కాస్త తక్కువే, అయితే అది ఇంకా మిగిలిన గుడ్ల సంఖ్యకు ఒక అంచనా మాత్రమే. సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది ఆ అంకె చెప్పదు. కానీ అదే అంకె వల్ల ఏడాది ఆగమని కూడా నేను చెప్పలేను.

ట్యూబులు బాగుండి, కౌంట్ కొద్దిగా తక్కువైతే మూడు, నాలుగు ఐయూఐలు (వీర్యకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతి) చేసి చూడొచ్చు. ట్యూబులు మూసుకున్నా, కౌంట్ మరీ తక్కువున్నా నేరుగా ఐవీఎఫ్ అనడం న్యాయమే, అప్పుడు నేనూ అదే చెప్తాను. వెళ్లేటప్పుడు సెంటర్ ఐవీఎఫ్ కేంద్రాల కోసం తెచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్టరైందో లేదో చూడండి, మందులు, పిండాల ఫ్రీజింగ్‌తో కలిపి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఎన్నిసార్లు ప్రయత్నిస్తారో, ఎంతవరకు ఖర్చు పెడతారో మొదలుపెట్టక ముందే ఇద్దరూ అనుకోండి. మధ్యలో ఉన్నప్పుడు ‘ఇంకొక్కసారి’ అనే మాటకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం.

సంక్రాంతికి ఊరెళ్తే ‘ఏమ్మా, విశేషమేమైనా ఉందా’ అని వంటింట్లో మిమ్మల్నే అడుగుతారు. ఈసారి ఆ జవాబు మీవారిని చెప్పమనండి, ‘మేమిద్దరం చూపించుకుంటున్నాం’ అంటే చాలు. రాత్రుళ్లు నిద్ర పట్టక, ఏడుపు ఆగక ఉంటే కౌన్సెలర్‌తో మాట్లాడండి, ఆ దిగులు వల్లే గర్భం రాలేదని మాత్రం అనుకోవద్దు. మీవారి రిపోర్టు, హెచ్‌ఎస్‌జీ వచ్చాక రెండూ జతచేసి మళ్లీ రాయండి, ఐవీఎఫ్ కావాలో వద్దో అవి చూసి చెప్తాను.