గోండీ, కోయ లాంటి గిరిజన భాషలకు కంప్యూటర్ అనువాదం ఎందుకు సరిగా కుదరడం లేదు? కోయ భాషకు అనువాద సాఫ్ట్‌వేర్ పని మొదలుపెడుతున్న మీకు నా జవాబు ఇది.

డేటా, అంటే యంత్రానికి నేర్పడానికి కావలసిన వాక్యాలు, లేకపోవడమే కారణమని అందరూ చెబుతారు. నేను ఒప్పుకోను. మాటలకు కొరత లేదు, వాటిని సేకరించే పద్ధతే తప్పు.

నేను ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ప్రాంతంలో బడిపంతులును. ఒక వేసవిలో అనువాద సాఫ్ట్‌వేర్ కోసం గోండీ వాక్యాలు సేకరించే బృందం మా ఊరికి వచ్చింది. ట్యాబ్‌లో హిందీ వాక్యం చూపిస్తారు, దాన్ని గోండీలో చెప్పాలి. అన్నీ వార్తల్లోంచి తీసినవే: షేర్ మార్కెట్ పతనం, విమానాశ్రయ విస్తరణ. మా ఊరి పెద్దాయన హిందీ మాటలే ఉంచి చివర గోండీ క్రియ తగిలించాడు. సరిపోతుందన్నారు! తరువాత నది నుంచి నీళ్లు తేవడం గురించిన వాక్యం వచ్చింది. ఇక ఆయన ఆగలేదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు గోండుల్లోని మెస్రం వంశస్థులు హస్తినమడుగు దాకా నడిచి వెళ్లి గోదావరి జలం తెచ్చే వైనమంతా గోండీలో చెప్పుకుపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు మధ్యలో అందుకుంటున్నారు, సరిదిద్దుతున్నారు, వాదించుకుంటున్నారు. బృందంలోని కుర్రాడు "తాతా, ఒక్క వాక్యం చాలు" అని రికార్డింగ్ ఆపేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

అలా పోగేసిన వాక్యాలతో యంత్రానికి వచ్చేది గోండీ తొడుగు వేసుకున్న హిందీయే. పైగా ఆదిలాబాద్ గోండీ వేరు, బస్తర్ గోండీ వేరు. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తాం, మహారాష్ట్ర వైపు దేవనాగరిలో రాస్తారు. రెండింటినీ ఒకే మూటలో కడితే ఎవరికీ పనికిరాదు.

ప్రభుత్వాల తీరు మరీ అన్యాయం. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవారు 29 లక్షలకు పైనే, సంస్కృతం మాతృభాష అని చెప్పినవారు 24,821 మంది. రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో సంస్కృతం ఉంది, గోండీ లేదు. ఐఐటీ మద్రాసుకు చెందిన ఏఐ4భారత్ పరిశోధన బృందం 2023లో తెచ్చిన అనువాద సాఫ్ట్‌వేర్ ఇండిక్‌ట్రాన్స్2 మన భాషల్లో ఆ షెడ్యూలులోని 22 భాషలకే పనిచేస్తుంది. షెడ్యూలులో చోటు లేని భాషకు సాఫ్ట్‌వేర్‌లోనూ చోటు దొరకలేదు. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ తెచ్చిన గిరిజన భాషల అనువాద సాఫ్ట్‌వేర్ ఆది వాణిలో గోండీని చేర్చారు. సంతోషమే, కానీ ఎంత ఆలస్యం!

ఇక మీ కోయ భాష పని సంగతి. దయచేసి ఆ హిందీ వాక్యాల జాబితా పక్కన పెట్టండి. సంతకు వెళ్లండి, పెళ్లిళ్లకు వెళ్లండి. అనుమతి తీసుకుని వాళ్ల మాటలను గంటల తరబడి రికార్డు చేయండి, మధ్యలో ఆపకండి. విన్నది రాసిపెట్టే పనిని ఆ ఊళ్లో చదువుకున్న పిల్లలకే సరైన కూలి ఇచ్చి అప్పగించండి. తెలుగు అనువాదం కూడా వాళ్లచేతే చేయించండి.