వయసుతో మెదడు కుంచించుకుపోతుందా? మా నాన్న స్కాన్ కథ

"వయసు మీద పడితే మెదడు కుంచించుకుపోతుందా, అందరికీ ఒకేలానా?" అని అడిగారు. కుంచించుకుపోతుంది. అందరికీ ఒకేలా మాత్రం కాదు. నాకీ సంగతి మా నాన్న ఎమ్మారై రిపోర్టు పుణ్యమా అని తెలిసింది.

ఆయన 76వ ఏట కాలు జారి పడితే, తలకేమైనా అయిందేమోనని స్కాన్ తీయించాం. దెబ్బేమీ లేదు. కానీ రిపోర్టు చివర 'సెరిబ్రల్ అట్రోఫీ', అంటే మెదడు కుంచించుకుపోవడం, అని ఉంది. నేను దాచేలోపే ఫోన్‌లో వెతికేసి, "నా మెదడు ఎండిపోతోందట్రా" అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పక్కనే 'వయసుకు తగినట్టుగా' అని రాసుంటే ఒక్కరం చూడలేదు! అసలు ఆ రిపోర్టులు మనుషులు చదవాలని రాస్తారా అని నా అనుమానం.

మర్నాడు డాక్టరు గారు ఫిల్మ్‌ను లైటుకు ఎదురుగా పెట్టి, మధ్యలో సీతాకోకచిలుక రెక్కల్లా నల్లగా ఉన్న చోటు చూపించారు. అవి ద్రవం ఉండే గదులట. చుట్టూ మెదడు తగ్గేకొద్దీ అవి వెడల్పవుతాయి. నుదుటి వెనక భాగం, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ ఎక్కువగా తగ్గుతాయి. చూపు చూసుకునే వెనక భాగం అంతగా తగ్గదు. కణాలు గుంపులుగా చచ్చిపోవడం కాదు, చాలావరకు అవి చిక్కిపోయి, వాటి మధ్య అతుకులు తగ్గడమే.

తర్వాత నాన్నను 100 నుంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నారు. 93, 86, 79... డాక్టరు 65 దగ్గర చాలన్నా ఈయన ఆగితేగా! 2 దాకా వెళ్లి ఊరుకున్నారు. పక్కన మనసులో లెక్కపెడుతున్న నేను 58 దగ్గరే తప్పాను. నాకు 45.

అందుకే సైజు చూసి మనిషిని అంచనా వేయొద్దంటాను. రచయిత తుర్గెనేవ్ మెదడు రెండు కిలోలు, నోబెల్ అందుకున్న అనతోల్ ఫ్రాన్స్‌ది కిలో చిల్లర. అమెరికాలో 678 మంది నన్‌లను ఏళ్ల తరబడి గమనిస్తే, కొందరి మెదడులో అల్జీమర్స్ గుర్తులు దండిగా ఉన్నా బతికున్నన్నాళ్లూ తెలివిగానే ఉన్నారు. ఇవన్నీ వదిలేసి 'కుడి మెదడు మనిషి, ఎడమ మెదడు మనిషి' అని మనుషులను విడదీసే ఆధారం లేని మాటలు ఫార్వర్డ్ చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బ్రెయిన్ గేమ్స్ యాప్‌లూ అంతే, వాటిలో స్కోరు పెరుగుతుంది కానీ తాళాలెక్కడ పెట్టామో గుర్తుకురాదు.

నన్నడిగితే నడకను మించింది లేదు. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి ఏడాది చూస్తే, నడిచినవాళ్ల హిప్పోకాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది. నాన్న ఇది విని రోజూ నడుస్తున్నారు. ఆ స్కాన్ కవర్లో కరెంటు బిల్లులు దాచుకుంటున్నారు. స్కాన్ అంటే భయం ఇప్పుడు నాకే.