ఆనప పాదుకి గంధకం కొట్టొచ్చా? మా దొడ్డి అనుభవం

మీరు రెండు విషయాలు అడిగారు. శ్రీకాకుళంలో మేడ మీద పెట్టిన ఆనప పాదు ఆకులకి తెల్లటి పొడి పట్టింది, గంధకం కొట్టొచ్చా అన్నది ఒకటి. అదే గంధకం కుండీల మట్టిలో కలిపితే మొక్కలు బలంగా వస్తాయా అన్నది రెండోది. మాది విజయనగరం. ఇంటి వెనక దొడ్డిలో ఆనప, బీర, బెండ, మిరప వేస్తాం, ఒక మామిడి చెట్టు కూడా ఉంది. చలి మొదలైతే మాకూ ఈ బూడిద తెగులు తప్పదు. అందుకే చెబుతున్నాను: ఆకుల మీద కొట్టండి, మట్టిలో మాత్రం వేయకండి.

కొట్టే ముందు అది బూడిద తెగులేనా అన్నది చూసుకోండి. ఆకుని వేలితో రుద్దండి. పొడి వేలికి అంటుకుని, కింద ఆకు ఇంకా పచ్చగా కనిపిస్తే అదే. అలా కాకుండా ఆకు పైన ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు, అడుగున బూజు ఉంటే అది బూజు తెగులు, దానికి గంధకం పనిచేయదు. వంకరటింకర తెల్లటి గీతలు ఉంటే ఆకు తొలిచే పురుగు, దానికీ ఇది మందు కాదు. చాలామంది ఇది చూసుకోకుండా మందు కొట్టి, ‘గంధకం పనికిరాదు’ అనేస్తారు.

మూలికల కొట్లో దొరికే పసుపు గంధకం పొడి తేకండి, అది నీళ్లలో కలవకుండా పైన తేలుతుంది. ఎరువుల కొట్లో నీటిలో కరిగే గంధకం, 80 శాతం అని అడగండి. వెట్టబుల్ సల్ఫర్ అన్నా ఇస్తారు. ఆనపకి లీటరు నీటికి 2 గ్రాములు చాలు. మిరప, బెండ, మామిడి పూతకైతే 3 గ్రాములు. చెంచా కొలతలు వద్దు, వంటింటి కాటా మీద తూచుకోండి. పొడిని ఏకంగా స్ప్రేయర్‌లో పోస్తే ఉండలు కట్టి నాజిల్‌కి అడ్డం పడుతుంది. ముందు చిన్న గిన్నెలో కొద్ది నీళ్లతో మెత్తటి ముద్దలా కలిపి, పలచన చేసి, వడకట్టి పోయండి. కాసేపు కదపకపోతే అడుగుకి చేరిపోతుంది, మధ్యమధ్యలో ఊపుతూ ఉండాలి.

అసలు జాగ్రత్తంతా ఎండ దగ్గరే. ఆనప, దోస, గుమ్మడి ఆకులు మెత్తన. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంధకం పడితే అంచులు మాడిపోతాయి. కాబట్టి ఉదయం మంచు ఆరాక గానీ, ఎండ తగ్గాక సాయంత్రం గానీ కొట్టండి. శివరాత్రికి చలి పోయాక నేనైతే పాదుల మీద గంధకం వాడను. ఎప్పుడైనా సరే, మొదట రెండు మూడు ఆకుల మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. ఇంటి తోటల వాళ్లం వేపనూనె తెగ వాడతాం కదా, ఆ నూనె కొట్టాక రెండు వారాలు గంధకం జోలికి పోకూడదు. గంధకం తర్వాత నూనె కొట్టాలన్నా అంతే ఎడం. రెండూ కలిస్తే ఆకు కాలుతుంది.

ఇంకో మాట, ఇది ముందు జాగ్రత్త మందు. తెల్లటి చుక్కలు ఒకటి రెండు ఆకుల మీద కనిపించినప్పుడే కొడితే ఆగుతుంది. ఆకంతా కమ్మేశాక ఆ ఆకు మళ్లీ బాగుపడదు, అలాంటివి కోసి దూరంగా పారేసి మిగతావాటికి అడుగు భాగం కూడా తడిసేలా కొట్టండి. పదిహేను రోజులకి మళ్లీ చూసుకుని అవసరమైతేనే ఇంకోసారి. ముక్కుకి గుడ్డ, కళ్లకి అద్దాలు తప్పనిసరి, కళ్లలో పడితే బాగా మండుతుంది. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటాకే కాయలు కోయండి.

మీ మిరప ఆకులు కిందికి ముడుచుకుని పడవ బోర్లించినట్టు ఉన్నాయని కూడా రాశారు. అది కింది ముడత, నల్లి (మంచాల్లో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే సన్నటి పురుగు) వల్ల వస్తుంది, దానికీ ఇదే గంధకం పనిచేస్తుంది. పైకి ముడుచుకుంటే తామర పురుగు, దానికి వేరే మందు చూడాలి.

ఇక మట్టి సంగతి. మట్టిలో వేసిన గంధకాన్ని సూక్ష్మజీవులు నెమ్మదిగా ఆమ్లంగా మారుస్తాయి, నెలలు పడుతుంది. చవుడు తేలిన నేలకి అది మేలే గానీ, మన జిల్లాల ఎర్రమట్టికి చాలాచోట్ల ఆ అవసరం లేదు. కుండీలో కాస్త ఎక్కువైతే వేర్లు దెబ్బతింటాయి. మొక్కకి ఆహారంగా గంధకం కావాలంటే జిప్సం ఉంది. మన వైపు వేరుశనగ రైతులు ఊడలు దిగే వేళకి ఎకరాకి 200 కిలోలు వేసేది అదే, అందులో కాల్షియం కూడా ఉంటుంది. ఆనపకి మాత్రం మాగిన పశువుల ఎరువు సరిపోతుంది.

మీ బోరు నీళ్లు ఉప్పగా ఉండి కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే మాత్రం ముందు మట్టి పరీక్ష చేయించండి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం మీకు దగ్గరే. తెగులు పట్టిన ఆకులు రెండు, కాస్త మట్టి పట్టుకెళ్లి అక్కడి శాస్త్రవేత్తలకి చూపించండి.